ఈసీజీ బాగుంది, మనిషి బాగాలేదు

అధ్యక్షులు గారికీ, వేదిక మీదున్న పెద్దలకూ, టీ ఎప్పుడొస్తుందా అని అప్పుడే వెనక్కి చూస్తున్న మిత్రులకూ నమస్కారం. మన అనంతపురం పెన్షనర్ల సమావేశంలో నన్ను డీఏ బకాయిల మీద మాట్లాడమన్నారు. ఆ బకాయిలు ఎటూ ఈరోజు రావు కాబట్టి ఇంకో సంగతి చెబుతా.

టవర్‌క్లాక్ దగ్గర చీరల కొట్లో మా ఆవిడ ఉన్నట్టుండి పరుపు మీద కూలబడింది. ఒళ్లంతా చెమట, చేతివేళ్లు కొంకర్లు పోయాయి, "పానం పోతాంది, పాపకు ఫోన్ చెయ్యండి" అంటోంది. గుండెపోటే అనుకుని ఆటోలో ఓ ఆసుపత్రికి పరిగెత్తాం. ఈసీజీ తీసి బాగుందన్నారు. మంచిదే. ఆ తర్వాత డాక్టరు గారు నవ్వి, "ఏం లేదమ్మా, ఊరికే టెన్షన్, ధైర్యంగా ఉండండి" అన్నాడు చూడండి, నా కోపమంతా అక్కడే. ధైర్యం మెడికల్ షాపులో అమ్ముతారా? ఆ ముక్కతో పాటు సైకియాట్రీకి వెళ్లమని ఒక చీటీ రాసిచ్చి ఉంటే సరిపోయేది. మళ్లీ వస్తుందేమోనన్న భయంతో ఆమె బజారు మానేసింది, పెళ్లిళ్లు మానేసింది, బస్సెక్కడం మానేసింది. ఈలోపు దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, గ్యాస్ మాత్రలు సరేసరి.

దాన్ని పానిక్ అటాక్ అంటారు. ప్రమాదం ఏదీ లేకున్నా ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నుతుంది, గుండె దడదడలాడుతుంది, ఊపిరి మరీ వేగంగా తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మామూలుగా 10 నిమిషాల్లోపు బాగా ముదిరి, తర్వాత మెల్లగా దిగుతుంది. దాంతో చావరు. కానీ వెనక వరుస వాళ్లూ వినండి, ఛాతీలో నొప్పి వస్తే ఇది పానిక్కేలే అని మీరే తీర్మానించొద్దు, మన వయసులో అసలే వద్దు, ముందు ఈసీజీ. థైరాయిడ్ కూడా చూపించుకోండి, అదీ ఇలాగే ఆడిస్తుంది.

చివరికి మా పాపే పట్టుబట్టి సైకియాట్రీకి తీసుకెళ్లింది. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అంది మా వియ్యపురాలు, ఆమె సంగతి వదిలేయండి. మాత్రలు రాశారు, సీబీటీ అని మాటలతో చేసే వైద్యం కూడా మొదలుపెట్టారు. ఆ మాత్రల గుణం కనబడటానికి వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకూడదు. అన్నట్టు, నిద్ర పట్టలేదని షాపులో అడిగి ఆల్ప్రాజోలం కొనుక్కునేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, పేర్లు చెప్పను. అది అలవాటైపోతుందయ్యా, చాన్నాళ్లు వాడి ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే, డాక్టరుకు చెప్పి తగ్గించుకోండి.

పెన్నులు తీయండి. 14416. టెలిమానస్ అని మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు మిగతా జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి, కాదంటే గట్టిగా అడగండి. పెద్దాసుపత్రికి ఒంటరిగా వెళ్లడానికి జంకేవాళ్లు టీ టైంలో నాకు చెప్పండి, తోడు వస్తా, ఓపీ చీటీ క్యూలో నేనే నిలబడతా.