మొగ దగ్గరి ఊరు: బేజోర్ గురించి ఒక పోర్టు మనిషి మాటలు

అందరికీ నమస్కారం. ముందుగా చిన్న సవరణ. బయట బోర్డు మీద నా పేరు కింద ‘సైన్స్ ఫిక్షన్ విశ్లేషకులు’ అని రాశారు. అంత లేదండీ. నేను ఈ విశాఖపట్నం పోర్టులో, ట్రాఫిక్ డిపార్ట్‌మెంట్‌లో, 30 ఏళ్ల పైచిలుకు ఓడల లెక్కలు రాసిన మనిషిని. ఏ బెర్తు ఖాళీ, ఏ ఓడ బయట లంగరేసి ఎన్ని రోజులైంది, ఎవరి నెత్తిన డెమరేజ్, అదే ఆలస్యపు జరిమానా, పడబోతోంది... నా సర్వీసంతా ఇదే గొడవ. రిటైరయ్యాక మోకాలి ఆపరేషన్ అయి మంచాన పడితే, మా మేనల్లుడు ఒక పాత ఇంగ్లీషు సీరియల్ తెచ్చి చేతిలో పెట్టాడు. ‘మావయ్యా, ఇందులో నీకు నచ్చేదుంది, చూడు’ అన్నాడు. అంతరిక్ష కథలు తీసే స్టార్ ట్రెక్ వాళ్లదే, డీప్ స్పేస్ నైన్. 1993 నుంచి 1999 దాకా వచ్చింది, 7 సీజన్లు. మోకాలు నాలుగు నెలల్లో నయమైంది. ఆ సీరియల్ మాత్రం ఇంకా వదల్లేదు.

నచ్చడానికి కారణం ఒకటే. మిగతా స్టార్ ట్రెక్‌లలో ఓడ ఊరూరూ తిరుగుతుంది. వారానికో గ్రహం, వారానికో తగువు, తీర్పు చెప్పేసి వెళ్లిపోతుంది. ఇందులో ఓడలే వస్తాయి, పోతాయి. మనం ఉన్నచోటే ఉంటాం. నేను బతికిందీ అలాగే కదా. నిన్న చేసిన తప్పు రేపు గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. తప్పించుకుపోయే వీల్లేదు.

చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెబుతాను. బేజోర్ అని ఒక గ్రహం. దాని రోజుకి 26 గంటలు. పక్కనే కార్డాసియా అనే సామ్రాజ్యం. వాళ్లు బేజోర్‌ని సుమారు 50 ఏళ్లు ఆక్రమించుకుని, గనులు తవ్వి, జనంచేత వెట్టి చేయించి, చివరికి తిరుగుబాటు తట్టుకోలేక వెళ్లిపోతారు. ఆకాశంలో ఖనిజం శుద్ధి చేసే వాళ్ల స్టేషన్ ఒకటి మిగులుతుంది. పేరు టెరోక్ నోర్. బేజోర్ తాత్కాలిక ప్రభుత్వం దాన్ని నడపమని ఫెడరేషన్‌ని పిలుస్తుంది. ఫెడరేషన్ అంటే గ్రహాల కూటమి, మన భూమి ఉన్నదీ అందులోనే. వాళ్లు వచ్చి స్టేషన్‌కి డీప్ స్పేస్ నైన్ అని పేరు మారుస్తారు. కమాండర్‌గా సిస్కో వస్తాడు. అతని కింద రెండో స్థానంలో కీరా, నిన్నటిదాకా అడవుల్లో తుపాకీ పట్టిన బేజోర్ అమ్మాయి. ఫెడరేషన్ రావడమే ఆమెకి ఇష్టం లేదు. ఒక దొర పోతే ఇంకో దొర వచ్చాడన్నది ఆమె బాధ.

మొదటి ఎపిసోడ్‌లో నన్ను కట్టిపడేసిన సంగతి చెబుతాను. కార్డాసియన్లు పోతూ పోతూ స్టేషన్‌లో పనికొచ్చేదంతా ఊడబెరుక్కుని పోయారు. దుకాణాలు ధ్వంసం. మిగిలిన వ్యాపారులు పెట్టే బేడా సర్దుకుంటున్నారు. క్వార్క్ అనే బారు ఓనరు కూడా బయల్దేరాడు. సిస్కో ఏం చేశాడు? దొంగతనం చేస్తూ దొరికిన క్వార్క్ మేనల్లుణ్ణి లాకప్‌లో ఉంచి, నువ్వు బారు తెరిస్తే వీణ్ణి వదులుతానన్నాడు! ఇంత పెద్ద సంస్థ కమాండర్ వచ్చీరాగానే చేసిన మొదటి రాజకీయం ఒక బారు మూతపడకుండా చూడటం.

చూడగానే నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, రేవు తెలిసినవాడు చేసే పనే చేశాడనిపించింది. టీ కొట్టు, భోజనం హోటలు, పాత సామాన్ల కొట్టు ఉంటేనే కళాసీ వస్తాడు. కళాసీ ఉంటేనే ఓడ ఆగుతుంది. జెండా ఎవరిదన్నది ఆ తర్వాతి మాట.

అప్పటికి బేజోర్ ఎవరికీ అక్కర్లేని చోటు. పిండుకున్నవాడు పిండుకుని పోయాడు. అప్పుడు దొరికింది వార్మ్‌హోల్, అంతరిక్షంలో అడ్డదారి లాంటి సొరంగం. దానికి నేను పెట్టుకున్న పేరు మొగ. మన జాలరిపేటల్లో నది సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు కదా, అదే మాట. ఈ మొగలోంచి దూరితే 70,000 కాంతి సంవత్సరాల అవతల తేలతారు. ఎంత వేగమైన ఓడకైనా తరాలు పట్టే దారి, చిటికెలో అయిపోతుంది. అంతే, బేజోర్ రాత మారిపోయింది. మట్టి అదే, జనం అదే, కాలిన పొలాలు అవే. కొత్తగా వచ్చింది ద్వారం ఒక్కటే. నిన్న వదిలేసి పోయిన కార్డాసియన్లు మర్నాటికల్లా యుద్ధ నౌకలతో దిగారు.

మన ఊరి సంగతీ ఇంతే కదండీ. డాల్ఫిన్స్ నోస్ వెనక ఉన్నది ఒకప్పుడు ఉప్పుటేరు, బురద. ఓడలు బయట సముద్రంలోనే ఆగేవి, సరుకు పడవల మీద ఒడ్డుకి చేరేది. కొండ పక్కనుంచి ఇరుకైన దారి తవ్వి లోపలికి నీటి బాట వేశాక, 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. అక్కణ్ణుంచి ఈ బురద ధరే మారిపోయింది. ఆ దారిలోకి ఇసుక కొట్టుకురాకుండా అప్పటి ఇంజినీర్లు రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి, మొగ దగ్గర కావాలని ముంచేశారు. సర్వీసులో చేరిన కొత్తలో ఒక సీనియర్ ఈ కథ చెబితే నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

అందుకే సిస్కో మనుషులు మొత్తం స్టేషన్‌నే మొగ దగ్గరికి లాక్కెళ్తుంటే నాకు వింతగా అనిపించలేదు. బేజోర్ చుట్టూ తిరిగే స్టేషన్‌ని 16 కోట్ల కిలోమీటర్లు జరపాలి. మనకీ సూర్యుడికీ మధ్య దూరం 15 కోట్లు, అంతకంటే ఎక్కువే. దాన్ని తోసే ఇంజన్లలో, అదే థ్రస్టర్లలో, పనిచేసేవి 6. మామూలుగా అయితే రెండు నెలలు పట్టేది, వాళ్లకున్న టైం ఒక్క రోజు. ఏదో ఉపాయం చేసి స్టేషన్ బరువు తగ్గించి చేరుస్తారు. ఆ ఫిజిక్స్ నన్నడక్కండి. ‘ఎవడు ముందు మొగ దగ్గర కూర్చుంటే వాడిదే మొగ’ అన్న లెక్క మాత్రం నాకు బాగా తెలుసు.

కూర్చోవడమైతే కూర్చున్నారు, కాపాడుకోవడం ఎలా? స్టేషన్‌లో ఉన్నవి 6 టార్పెడోలు. కార్డాసియన్ల సెన్సార్లకి 5,000 ఉన్నట్టు కనిపించేలా మాయ చేస్తుంది కీరా. దీన్ని నమ్మలేమనుకునేవాళ్లు 1971 యుద్ధం గుర్తు చేసుకోండి. మన విమాన వాహక నౌక విక్రాంత్ అండమాన్ల వైపు దాక్కుని ఉంది. దాన్ని వేటాడటానికి పాకిస్తాన్ ఘాజీ సబ్‌మెరైన్ మన ఒడ్డుకి వచ్చింది. తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఏం చేశారు? పాత రాజ్‌పుత్ ఓడని విక్రాంత్‌లా నటింపజేశారు. వైర్‌లెస్‌లో మోత మోగించారు. అంత పెద్ద ఓడకి సరిపడా మాంసం, కూరగాయలు మన ఊరి కాంట్రాక్టర్లకే ఆర్డరిచ్చారు, గూఢచారుల చెవిన పడాలని! డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ ఇక్కడే మునిగింది. ఎలా మునిగిందన్నదాని మీద రెండు దేశాలకీ ఇప్పటికీ పేచీయే, దాని జోలికి పోను. వంకాయల బస్తాలు కూడా యుద్ధంలో పాలుపంచుకుంటాయన్నదే నా ముచ్చట.

ఇంతవరకూ దొరల కథ. ఇక మొగ పక్కన బతికేవాళ్ల సంగతికొద్దాం.

బేజోర్‌కి జెరాడో అని ఒక ఉపగ్రహం ఉంది. దాని గర్భంలోని వేడిని లాగి గ్రహం మీది ఇళ్లకి చలికాలంలో అందించాలని ప్రభుత్వం ప్లాను. అది మొదలైతే అక్కడి గాలి మనుషులకి పనికిరాదు. అందరూ ఖాళీ చేశారు, ముల్లిబోక్ అనే ముసలి రైతు తప్ప. 40 ఏళ్లుగా ఉన్న చోటు. అతన్ని తీసుకురమ్మని కీరాని పంపుతారు. వెళ్లిన మనిషి అక్కడే కొన్నాళ్లుండి, తాత కడుతున్న ఇటుకల బట్టీకి చెయ్యేస్తుంది. ఆ ఇటుకలు పేర్చడం కెమెరా తీరిగ్గా చూపిస్తుంది. ఎపిసోడ్ చివర ఆ బట్టీని ఆమే కూల్చేస్తుంది, ఇంటికి నిప్పు పెడుతుంది. ఏ సామ్రాజ్యమో కాదు, ఆ తాత కోసం పోరాడిన మనిషే! ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన ఊళ్ల వాళ్లు ఈ హాల్లో ఇద్దరు ముగ్గురున్నారని నాకు తెలుసు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని నేనూ గొంతు చించుకునే వయసులోనే ఉన్నాను. ఆ బట్టీ సీను చూసిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అంతకంటే చెప్పలేను.

కొన్నాళ్లకి ఫెడరేషన్, కార్డాసియా ఒప్పందం చేసుకుని సరిహద్దు గీత జరుపుతాయి. గీత ఇవతల పడుకున్నవాళ్లు అవతల లేస్తారు. కొందరు ఇళ్లు వదిలేది లేదని ఆయుధాలు పడతారు. వాళ్ల పేరు మాకీ. వాళ్ల గురించి మళ్లీ ఎప్పుడైనా. భీమిలి వెళ్లినప్పుడు డచ్చివాళ్ల సమాధులు చూసే ఉంటారు. 1824లో లండన్‌లో ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ సంతకాలు పెడితే, 1825లో భీమిలి చేతులు మారింది. చేపలమ్ముకునే మనిషికి ఆ సంగతి ఎన్నాళ్లకి తెలిసిందో, తెలిశాక ఏమనుకుందో రాసిపెట్టినవాళ్లు లేరు.

అంత దూరం ఎందుకు, సాలూరు దాటి కొండెక్కితే కొఠియా ఊళ్లున్నాయి. 21 ఊళ్లు. మావంటే మావని ఆంధ్రా, ఒడిశా. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెళ్లింది. 2006లో ఉన్నది ఉన్నట్టుంచమని కోర్టు చెప్పింది. 2021లో మనవాళ్లు మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెడితే మళ్లీ కోర్టు. ఒకసారి సాలూరు సంతలో ఒక కొఠియా ముసలమ్మ దగ్గర పసుపు కొన్నాను. చిల్లర కోసం కొంగుముడి విప్పితే ప్లాస్టిక్ కవర్లో రెండు రేషన్ కార్డులు. ఒకటి తెలుగు, ఒకటి ఒడియా. ఏది చూపిస్తావమ్మా అనడిగాను. ‘జీపు నెంబరు సూసి తీస్తాను బాబూ’ అంది. బేజోర్ అర్థం కావడానికి నాకు దీనికి మించిన పాఠం దొరకలేదు.

సిస్కోని చూడండి. ఫెడరేషన్‌కి అతను ఉద్యోగి. మొగలో ఉండేవాళ్లని ఫెడరేషన్ ‘గ్రహాంతర జీవులు’ అంటుంది. బేజోర్ జనానికి వాళ్లు దేవుళ్లు, ఆ మొగ గుడి, సిస్కో ఆ దేవుళ్లు పంపిన దూత. యూనిఫాం ఒకటి, జేబులో కార్డులు రెండు. బేజోర్‌ని ఫెడరేషన్‌లో చేర్చడమే అతని డ్యూటీ. తీరా సంతకాలు పెట్టే వేళకి, ఇప్పుడొద్దు, చేరితే నాశనమైపోతారని తనే అడ్డం పడతాడు. తర్వాత మొగ అవతలి సామ్రాజ్యం డొమినియన్‌తో యుద్ధం ముంచుకొస్తుంది. అప్పుడు బేజోర్ ప్రభుత్వానికి అతనిచ్చిన సలహా వినండి: శత్రువుతో ఒప్పందం చేసుకోండి, మేం మిమ్మల్ని కాపాడలేం. వాళ్లు చేసుకున్నారు. స్టేషన్ శత్రువు చేతికి పోయింది, బేజోర్ మీద మాత్రం బాంబు పడలేదు. ద్రోహమనేవాళ్లుంటారు. నా మటుకు ఆ సీరియల్ మొత్తంలో అతను తీసుకున్న అతి తెలివైన నిర్ణయం అది.

కానీ రెండు కార్డులూ ఊరికే రావు. డొమినియన్‌తో చేతులు కలిపి ఆ పాత ఆక్రమణదారులు, కార్డాసియన్లు, తిరిగొచ్చాక కీరా అదే స్టేషన్‌లో, వాళ్ల పక్కనే డ్యూటీ చేస్తుంది. పొద్దున్నే లేస్తుంది, కాఫీ తాగుతుంది, పనిలోకెళ్తుంది. అంతా సాఫీగా నడుస్తోంది. ఒక సన్యాసిని మాత్రం, మనం మళ్లీ వాళ్లకి ఊడిగం చేస్తున్నామని, అందరూ చూస్తుండగా స్టేషన్ బజారులో ప్రాణం తీసుకుంటుంది. ఆ మర్నాడు కీరా అద్దంలో మొహం చూసుకుంటుంది. ఆ సీన్లో మాటల్లేవు. ఇందాక ముసలమ్మ మాటకి నవ్వాం కదా, ఆ నవ్వుతో పాటు ఈ అద్దం కూడా గుర్తుంచుకోవాలని నాకనిపిస్తుంది.

టైం అయిపోయిందని సైగ చేస్తున్నారు. టీ కూడా వచ్చినట్టుంది. ఒక్కటి చెప్పి దిగిపోతాను. స్టేషన్ ఖాళీ చేసి పోతూ సిస్కో తన బల్ల మీద బేస్‌బాల్ బంతి ఒకటి వదిలేస్తాడు. శత్రువుల అధికారి డుకాట్ ఆ గదిలోకొచ్చి, బంతి చేతిలోకి తీసుకుని, మర్చిపోయింది కాదని కనిపెడతాడు. మేనల్లుడు వీడియో ఆపి, మావయ్యా దీనర్థం తెలుసా అన్నాడు. తెలియకపోవడమేంట్రా, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు కర్చీఫ్ వెయ్యలేదు!