తాగుడు రక్తంలోనే ఉంటుందా?

"తాగుడు వాళ్ల రక్తంలోనే ఉంది" అన్న మాట విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ మాట తాగేవాడికి ఒక సాకునూ అతని పిల్లలకు ఒక శాపాన్నీ ఒకేసారి అంటగడుతుంది. తాగుబోతును తయారుచేసే జన్యువంటూ ఒకటి లేదు. పైగా, ఈ విషయంలో అన్నిటికన్నా బలమైనదని తేలిన జన్యుభేదం మనిషిని మద్యానికి దూరంగా ఉంచేదే.

ఒక నీళ్ల తొట్టిని ఊహించుకోండి. కాలేయంలోని ఏడీహెచ్ అనే ఎంజైము మద్యాన్ని ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుస్తుంది. అది తొట్టిలోకి పోసే కుళాయి. ఏఎల్‌డీహెచ్2 అనే మరో ఎంజైము ఆ విషాన్ని ఎసిటేటుగా మార్చి వదిలిస్తుంది. అది అడుగున ఉన్న తూము. తూర్పు ఆసియా మూలాలున్నవారిలో మూడోవంతుకు పైగా మందికి ఈ తూము ఒక జన్యుమార్పు వల్ల పుట్టుకతోనే చాలావరకు పూడిపోయి ఉంటుంది. కొద్దిగా తాగేసరికే వారి ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఈ మార్పు వచ్చినవారిలో తూము దాదాపు మూసుకుపోతుంది కనుక, వారు మద్యానికి బానిసలు కావడం చాలా అరుదు. మరికొందరిలో తూము బాగానే ఉన్నా, ఏడీహెచ్1బీ జన్యువులోని మార్పు వల్ల కుళాయి వేగంగా పోస్తుంది. వారూ సగటున తక్కువే తాగుతారు. తాగుడు మాన్పించడానికి వైద్యులు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర చేసే పని, బాగున్న తూముకు కావాలని బిరడా బిగించడమే.

అయితే తూము పూడినవారంతా తాగకుండా ఉండిపోరు. జపాన్‌లో మద్యవ్యసన రోగులలో, తల్లిదండ్రులలో ఒకరి నుంచే ఈ మార్పు వచ్చినవారు 1979లో 2.5 శాతం ఉండగా, 1992 నాటికి 13 శాతమయ్యారు. పదమూడేళ్లలో ఒక జాతి జన్యువులు మారిపోవు. మారింది చుట్టూ ఉన్న తాగే వాతావరణం. ఒళ్లు వద్దంటున్నా ఇలా తాగేవారికి అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది కనుక, ముఖం ఎర్రబడటాన్ని అలవాటైతే పోయే ఇబ్బందిగా దయచేసి తీసిపారేయకండి.

సమయం తక్కువ కనుక మిగిలినది త్వరగా చెబుతాను. కవలల మీద, దత్తపిల్లల మీద జరిగిన అధ్యయనాలు మద్యవ్యసనంలో వంశపారంపర్యం పాలు సుమారు 50 శాతమని చెబుతున్నాయి; అది జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల లెక్క, ఒక కొడుకు తాగుడులో సగం తండ్రిదని కాదు. 2019లో వెలువడిన ఒక భారీ అధ్యయనం వారానికి తాగే మోతాదుతో ముడిపడిన 99 జన్యుస్థానాలను గుర్తించింది. వాటిలో చాలావాటి ప్రభావం అతి స్వల్పం. వాటిలో కొన్ని మెదడులో పనిచేస్తాయి కనుక తొట్టి పోలిక వాటికి చాలదు. ఎంత తాగినా మత్తు అంతగా తెలియకపోవడం కూడా కొంతవరకు వంశపారంపర్యంగానే వస్తుంది. చాలామంది గొప్పగా చెప్పుకునే ఆ తట్టుకునే శక్తి ఉన్నవారికే ముందుముందు వ్యసనం ముప్పు ఎక్కువ.