18 మీద నా కోపం
(కర్నూలులో వైద్య విద్యార్థులు వార్డుల్లో అడుగుపెట్టే సందర్భంగా ఒక విశ్రాంత ప్రొఫెసర్ చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, నా పాత సహోద్యోగులకు, ఈ ఎండలో పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. రోగిని పరీక్షించడంలో ప్రాథమిక పాఠాల గురించి మాట్లాడమన్నారు. చూడటం, తాకడం, తట్టడం, వినడం. అయిపోయింది. పుస్తకంలో ఇంతకంటే బాగా ఉంటుంది, చదువుకోండి. మిగిలిన సమయం నాకివ్వండి. నాకు 18 అనే అంకె మీద ఎప్పటినుంచో కోపం ఉంది.

ఏ ఆసుపత్రిలోనైనా కేస్ షీట్లు తిరగేయండి. నాడి ఒకరికి 76, ఇంకొకరికి 110. బీపీ తలా ఒక రకం. ఊపిరి మాత్రం అందరికీ నిమిషానికి 18. కాలు విరిగినవాడికి 18. జ్వరంతో వణుకుతున్న ఆమెకు 18. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, మాట పూర్తిచేయలేక ఆయాసపడుతున్న ముసలాయనకూ 18. రాసినవారికి మరీ దయ కలిగితే 20. అంటే ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. నాడికి, ఆక్సిజన్‌కు వేలికి తగిలించే క్లిప్పు ఉంది. మామూలు వార్డులో ఊపిరికి ఉన్నది మన కళ్ళు, ఒక గడియారం.

ఇది చాదస్తమనుకునేవారికి ఒక రైతు సంగతి చెబుతాను. ఆదోని వైపు మనిషి. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడు. దగ్గరలోని ఒక ఆసుపత్రిలో స్కాన్ తీశారు, ఏమీ లేదన్నారు, గ్యాస్‌కు ఇంజక్షన్ ఇచ్చి పంపేశారు. మా దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం. చేతిలో కాగితం ఉంది. అందులో ఊపిరి 18. మనిషిని చూస్తే కనురెప్పలు సగం వాలి ఉన్నాయి. నిద్ర లేక అలా ఉన్నాడని తమ్ముడు అన్నాడు. పైకి చూడమన్నాను. రెప్పలు లేవలేదు. తల దిండు మీది నుంచి ఎత్తమన్నాను. ఎత్తలేకపోయాడు. ఒక్క గుక్కలో అంకెలు చెప్పమంటే ఎనిమిది దగ్గర ఆగిపోయాడు. మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి లెక్కపెట్టాను. 32. అదీ పైపైన, ఛాతీ కదిలీ కదలనట్టు.

"రాత్రి ఎక్కడ పడుకున్నాడమ్మా?" అని భార్యను అడిగాను.

"చేను దగ్గర గుడిసెలో సార్, నేల మీదే."

కట్లపాము. కాటు గుర్తు ఒంటి మీద ఎక్కడా కనిపించలేదు. దాని కోరలు చిన్నవి, వాపు దాదాపు ఉండదు, నిద్రలో కరిస్తే చాలామందికి తెలియను కూడా తెలియదు. విషం నరానికీ కండరానికీ మధ్య సంబంధాన్ని తెంచేస్తుంది. ముందు రెప్పలు, తరువాత మెడ, చివరికి ఊపిరి. విరుగుడు మందు ఎక్కించి, వెంటిలేటర్ మీద పెట్టారు. కొన్నాళ్ళకు నడిచి ఇంటికి వెళ్ళాడు. స్కాన్ తప్పు చెప్పలేదు నాయనా, కడుపులో నిజంగానే ఏమీ లేదు. రాత్రి ఎక్కడ పడుకున్నావని స్కాన్ అడగదు.

అడగడం అన్నాను కాబట్టి ఒక లెక్క చెబుతాను. 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. ఓపీకి కొత్తగా వచ్చిన 80 మంది రోగులు. వారిలో 66 మందికి, రెఫరల్ ఉత్తరం చదివి రోగి చెప్పింది విన్నాక డాక్టరు అనుకున్న జబ్బే చివరికి నిలిచింది. ఒంటిని పరీక్షించడం వల్ల అభిప్రాయం మారింది ఏడుగురి విషయంలో, ల్యాబు వల్ల మరో ఏడుగురి విషయంలో. అప్పటికి ఇన్ని యంత్రాలు లేవని మీరు అనవచ్చు. అనండి. యంత్రాలు పెరిగాయి, రోగి నోరు మూతపడలేదు కదా!

స్టెతస్కోపు మెడలో వేసుకుని ఫొటోలు దిగారు, చూశాను. 1816లో పారిస్‌లో లయెన్నెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీకి ఆనించిన నాటి వస్తువు అది. అంతకు ముందే, 1761లో, వియన్నాలో ఆవెన్‌బ్రుగ్గర్ ఛాతీని వేలితో తట్టి లోపల నీరు చేరిందో లేదో చెప్పవచ్చని రాశాడు. నెపోలియన్ వైద్యుడు కోర్వీసార్ 1808లో దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చేవరకూ పట్టించుకున్నవారు తక్కువ. ఆయన గురించి గంట చెప్పగలను, ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు.

సరే, ఆ గడియారంతోనే పని ఉంది. చివరి వరుసలోని బాబూ, ఫోను పక్కన పెట్టు. అందరూ పక్కనున్నవారి ఛాతీ వైపు కాదు, పొట్ట వైపు చూడండి. ఒక నిమిషం లెక్కపెట్టండి. మొదలు.

...చాలు. ఎంత? 14. నీకు? 22? మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడా? చూశారా, పదిమందికి పది అంకెలు. లెక్కపెడుతున్నారని తెలియగానే ఊపిరి మారిపోతుంది కూడా. అందుకే మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టు ఉండమన్నది.

పిల్లల వార్డుకు వెళ్ళేవారికి మరీ ముఖ్యం. దగ్గు ఉన్న బిడ్డకు రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40; అంతకు చేరినా దాటినా న్యుమోనియా అనుమానించాలి. ఈ అంకెలు ఊళ్ళో ఆశా కార్యకర్తకు నేర్పుతారు. ఆమె గుడిసె ముందు కూర్చుని నిమిషం పాటు బిడ్డ పొట్ట చూస్తుంది. అయిదున్నరేళ్ళు చదివిన మనం 18 వేసి తరువాతి మంచం దగ్గరికి పోతాం. కోపం రాదా చెప్పండి?

ఈ పెద్దాసుపత్రికి గద్వాల నుంచీ, రాయచూరు, బళ్ళారి వైపు నుంచీ కూడా జనం వస్తారు. పది నిమిషాల ముందు బస్సు దిగినవాళ్ళు ఉంటారు. ముందు కూర్చోబెట్టండి. చేతులు చల్లగా ఉంటే రుద్దుకోండి. నొప్పి ఉన్నచోట చివర తాకండి, తాకేటప్పుడు ముఖం చూడండి. ఆడవారిని పరీక్షిస్తుంటే నర్సమ్మను పక్కన ఉంచుకోండి. తరువాత నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టి, వచ్చిన అంకె వేయండి. నిజంగానే 18 వస్తే 18 వేయండి. మీ ప్రొఫెసర్ నమ్మకపోతే ఆయన్నీ లెక్కపెట్టమనండి.