నీడనిచ్చే మొక్కల ఆకులు పాడైతే: మందు కొట్టేముందు ఆకు తిప్పి చూడండి

(తెర మీద: రోడ్డు పక్కన మూడేళ్ల కానుగ మొక్క. కెమెరా ఆకు మీదికి, బాగా దగ్గరగా.)

నమస్కారమండీ. నెల్లూరు, ఒంగోలు వైపు ఇంటి ముందు కానుగ, వేప, రేల ఎక్కువగా నాటుతుంటాం. ఆకు పాడైందంటే చాలు, మందుల షాపుకి వెళ్లి ఏదో ఒకటి తెచ్చి కొట్టేస్తాం. అసలు తిన్నది ఎవరో చూడకుండా కొట్టిన మందుకి డబ్బే దండగ.

ఈ కానుగ ఆకు చూడండి, ఒంటినిండా బొడిపెలు. ఇది పురుగు పని కాదు, నల్లి పని. మంచంలో ఉండే నల్లి కాదు, ఆకు మీద బతికే సాలీడు జాతి చిన్న ప్రాణి (మైట్). కంటికి ఆనదు. బొడిపె లోపలే ఉంటుంది కాబట్టి పైన కొట్టిన మందు దానికి తగలదు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు (సైపర్‌మెత్రిన్ లాంటివి) కొడితే మరీ నష్టం: నల్లిని తినే మిత్ర పురుగులు చచ్చి, నల్లి ఇంకా పెరుగుతుంది. బొడిపెలు లేచిన ఆకు మళ్లీ నునుపెక్కదు, అయినా మొక్క చావదు. పెద్ద చెట్టయితే వదిలేయండి. నడుమెత్తు మొక్కకి కొత్త చిగురు కూడా ముడుచుకుంటుంటే ఆ ఆకులు తెంపి పూడ్చేయండి. మళ్లీ చిగురేసేటప్పుడు నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి, పొద్దు వాలాక కొట్టండి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడిపోతుంది. వేపనూనె కొట్టి ఉంటే రెండు వారాలు ఆగాలి.

(తెర మీద: రేల ఆకు, ఈనె పక్కన పచ్చ పురుగు)

రేల ఆకు అంచులు కొరికేసి ఉన్నాయా? కింద నేల మీద నల్లటి రెట్ట గింజలు కనపడతాయి. పైకి చూడండి, ఈనె వెంట పురుగు ఆకు రంగులోనే పడుకుని ఉంటుంది, పక్కన చిన్న నల్ల చుక్కల వరస. లేత పసుపు సీతాకోకచిలుక పిల్ల ఇది. మొక్క చిన్నదైతే చేత్తో ఏరేయడమే మేలు. సగం పైన ఆకు పోయి, పురుగులు ఇంకా చిన్నవిగా ఉంటే బి.టి. మందు (పురుగుల్ని చంపే బాక్టీరియాతో చేసింది) లీటరుకి 2 గ్రాములు, సాయంత్రం పూట. ముదిరిన పురుగు మీద అది అంతగా పనిచేయదు.

దేవకాంచనం ఆకు అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రటి ముక్కలు పోతే, అది ఆకు కోసే తేనెటీగ. దాన్ని ఏమీ చేయకండి.

వేప కొమ్మల చివర్లు గోధుమ రంగుకి తిరిగి పైనుంచి ఎండుతుంటే, టీ దోమ అనే పురుగు (ఇది మామూలు దోమ కాదు) రసం పీల్చిన చోట శిలీంధ్రం (ఫంగస్) చేరి ఉండొచ్చు. ఎండిన భాగానికి రెండంగుళాల కింద, పచ్చగా ఉన్నచోట కోసి కాల్చేయండి. చెట్టు పోయిందని నరికేయకండి, ఎండాకాలం చిగురుతో చాలా చెట్లు కోలుకుంటాయి.

సముద్రం దగ్గరి ఊళ్లలో గాలి తగిలే వైపు ఆకుల అంచులు మాత్రమే మాడితే, అది ఉప్పుగాలి. పాదులో మంచినీళ్లు పోయండి, మందు అక్కర్లేదు.

రసం పీల్చే చిన్న పురుగులకి ఇంట్లోనే వేపగింజల కషాయం చేసుకోవచ్చు. అరకిలో వేప పప్పు దంచి, గుడ్డలో మూట కట్టి రాత్రంతా నీళ్లలో నానేయండి. పొద్దున బాగా పిండి, వడగట్టి, మొత్తం 10 లీటర్లు చేసి, 10 గ్రాముల సబ్బు పొడి కలపండి. సబ్బు లేకపోతే ఆకుకి అంటుకోదు. ఆకు అడుగు తడిసేలా సాయంత్రం కొట్టండి. మిగిలింది దాచకండి, మర్నాటికి దాని పవరు తగ్గిపోతుంది.