కొట్టకూడని యుద్ధం: ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ అడ్వాన్స్ రివ్యూ

అందరికీ నమస్కారం. యుద్ధం గేమ్‌లో "ఇవాళ కొట్టకూడదు" అని రూల్ పెడితే ఎలా ఉంటుంది? జోక్ కాదండీ, 2003లో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్‌కి వచ్చిన ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ అడ్వాన్స్‌లో నిజంగానే "ఫైట్" మీద నిషేధం ఉంటుంది. ఆ రోజు మామూలు దెబ్బ వేశారా, చోకోబో అనే పెద్ద పక్షి మీద కూర్చున్న జడ్జి కార్డు తీస్తాడు. ఎల్లో కార్డు అయితే జరిమానాతో సరి. రెడ్ కార్డు పడితే మీ మనిషి జైలుకి. హీరో మార్ష్‌కే రెడ్ పడిందా, గేమ్ ఓవర్.

మొదట్లో దీనికి చిరాకొస్తుంది, ఒప్పుకుంటాను. నిప్పు మంత్రాలు బాగా నేర్పించిన మాంత్రికుణ్ణి తెచ్చుకుంటే, ఆ పూటే "ఫైర్" నిషేధం! కానీ మ్యాప్‌లో ఒక చోటి నుంచి పక్క చోటికి కదిలితే రోజు మారుతుంది, రోజుతో పాటు చట్టం కూడా మారుతుంది. నేనైతే అటూ ఇటూ తిరిగి, పనికొచ్చే చట్టం వచ్చాకే దిగుతాను. ఇంకో మజా ఏంటంటే, రూల్ తప్పితే శత్రువులకీ కార్డు పడుతుంది.

ఇక జాబ్స్, అంటే మీ జట్టు మనుషులకిచ్చే వృత్తులు. ఐదు జాతులు, మొత్తం 34 జాబ్స్. విద్యలన్నీ ఆయుధాల్లోనే, సామాన్లలోనే ఉంటాయి. కత్తి చేతిలో ఉన్నంతసేపే దాని విద్య వాడగలరు. యుద్ధాల్లో పాయింట్లు కూడబెట్టి పూర్తిగా నేర్చుకుంటే, కత్తి అమ్మేసినా విద్య మీదే. అందుకే షాపులోకి కొత్త సరుకు వస్తే చాలు, చేతులు ఆగవు.

కథ దగ్గర కాస్త ఆగాలి. బడిలో అందరూ ఏడిపించే మ్యూట్ అనే కుర్రాడికి ఒక పాత పుస్తకం దొరుకుతుంది. తెల్లారేసరికి ఊరంతా ఐవలీస్ అనే లోకంగా మారిపోతుంది. అక్కడ మ్యూట్ రాకుమారుడు, చనిపోయిన తల్లి రాణి, ఎప్పుడూ తలవంచుకుని తిరిగే తండ్రి జడ్జిలందరికీ పెద్ద. ఆ చట్టాలు ఊరికే పెట్టలేదని నాకు అక్కడే అనిపించింది. తననెవరూ కొట్టకూడదనుకున్న పిల్లాడి లోకం కదా, అడుగడుగునా కాపలా ఉండదా మరి! మార్ష్ మాత్రం దాన్ని కూలగొట్టి ఇంటికి పోవాలంటాడు. వీల్‌చైర్‌లో ఉండే అతని తమ్ముడు డొనెడ్ అక్కడ లేచి నడుస్తున్నాడు. "నాకిది వద్దని నువ్వెలా అంటావు?" అన్నట్టు అన్నకే ఎదురు తిరుగుతాడు. మార్ష్ చెప్పే సమాధానాలు నాకు పూర్తిగా నచ్చలేదు. తమ్ముడి బాధని తొందరగా దాటేశారు.

లోపాలా? యుద్ధాలు నెమ్మది. ఒక్కొక్కరి వంతూ వచ్చి, మెనూలు తెరిచి, దెబ్బ పడేదాకా ఓపిక ఉండాలి. సగం దాటాక మీ జట్టు మరీ బలంగా అయిపోయి టెన్షన్ తగ్గుతుంది. సంగీతం ఇచ్చింది హితోషి సకిమోటో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

ఫైర్ ఎంబ్లం లాంటి యుద్ధం గేమ్స్ ఆడి "తప్పు చేస్తే చచ్చిపోవాల్సిందే" అనే భయం కోసం వస్తే, ఇది మీకు మెత్తగా అనిపిస్తుంది. జాగ్డ్ అనే చట్టం లేని చోట్ల మాత్రం ఆ భయం దొరుకుతుంది. అక్కడ పడిపోయిన మీ మనిషిని యుద్ధం ముగిసేలోపు లేపుకోకపోతే ఇక తిరిగి రాడు. జట్టు పేర్చుకోవడం, విద్యలు నేర్పించడం ఇష్టమైతే మొహమాటం లేకుండా మొదలుపెట్టండి. పాత గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి స్క్రీన్ లైట్ ఉండదు, లైట్ ఉన్న ఎస్‌పీ మోడల్ దొరికితే కళ్లకి హాయి.