బీజగణితం ఎవరి సొత్తు? (చర్చా కార్యక్రమం పాఠం)

తిరుపతిలోని ఒక పాఠశాల గణిత ప్రదర్శనలో “ఆల్జీబ్రా పుట్టిల్లు బాగ్దాద్” అని బ్యానర్ కట్టారు. కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. మర్నాటికి బాగ్దాద్ మీద తెల్లకాగితం అంటించి “భారతదేశం” అని రాశారు. దానికి ఇంకొందరు అభ్యంతరం చెప్పారు. ఆ గొడవ మీద స్టూడియోలో జరిగిన చర్చ ఇది. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట్ల వినబడినంతే రాశాం.

సంచాలకుడు: నమస్కారం. ఈ రోజు రెండు భాగాలు. బీజగణితం ఎక్కడ పుట్టింది, ఇప్పుడు దానితో పనేమిటి. నలుగురికీ సమాన సమయం. స్వామీ, సూటిగా అడుగుతున్నాను. మన విద్యను దొంగిలించారా?

సంస్కృత అధ్యాపకుడు: మాట ఘాటుగా ఉన్నా విషయం అదే. బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం రాసింది 628లో. ధనం, ఋణం, శూన్యం, మూడింటికీ నియమాలు చెప్పాడు. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం అన్నాడు. బాగ్దాద్ నగరానికి పునాది వేసింది 762లో. ఊరే లేనప్పుడు పుట్టిల్లు ఎక్కడిది?

చరిత్ర అధ్యాపకురాలు: బాగ్దాద్ కంటే ముందు బాబిలోన్ ఉంది కదండీ. సుమారు 3,800 ఏళ్ల కిందటి మట్టి పలకల మీదే...

సంస్కృత అధ్యాపకుడు: మట్టి పలకల సంగతి తరువాత చూద్దామమ్మా, నన్ను పూర్తి చేయనివ్వండి. తెలియని రాశులకు మనవాళ్లు రంగుల పేర్లు పెట్టారు. కాలకం, నీలకం, పీతకం. వాటి మొదటి అక్షరాలే గుర్తులు.

సంచాలకుడు: అయితే ఎక్స్, వై కూడా మన దగ్గర ఎత్తుకుపోయినవే?

చరిత్ర అధ్యాపకురాలు: కాదండీ, అవి 1637లో ఫ్రెంచి గణితవేత్త దెకార్త్... (మాటలు కలిసిపోయాయి) ...ఒక్క వాక్యం చెప్పనివ్వండి. బాగ్దాద్ పండితుడు అల్ ఖ్వారిజ్మీ సుమారు 820లో రాసిన పుస్తకం పేరులోని ‘అల్-జబ్ర్’ నుంచే ఆల్జీబ్రా అన్న మాట వచ్చింది. ఆయనే అంకెల మీద ఇంకో పుస్తకం రాశాడు. ఇది హిందువుల లెక్క అని చెప్పే రాశాడు. దొంగసొత్తు మీద ఎవరైనా యజమాని పేరు రాసి పెడతారా?

సంచాలకుడు: అంటే తీసుకున్నట్టు ఆయనే ఒప్పుకున్నాడు!

చరిత్ర అధ్యాపకురాలు: (నవ్వి) అల్-జబ్ర్ అంటే విరిగినదాన్ని తిరిగి కుదర్చడం. ఎముకలు కట్టే వైద్యానికీ అరబ్బీలో అదే మాట.

విశ్రాంత లెక్కల మాస్టారు: పుత్తూరు కట్టు! మేడమ్, ఈ ముక్క ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది. ఒకవైపు తీసివేతతో కుంటుతున్న సమీకరణాన్ని రెండువైపులా కూడి నిలబెట్టడమేగా. 30 ఏళ్లు పక్షాంతరం, పక్షాంతరం అని, పదాన్ని గుర్తు మార్చి అవతలివైపు పంపమని పిల్లల ప్రాణం తీశాను.

సంచాలకుడు: మీరు పుత్తూరు కట్టు కట్టించుకున్నారా మాస్టారూ?

మాస్టారు: ఇదిగో, ఈ చేయే. మునగచెట్టు మీంచి పడ్డాను. పసరు, గుడ్డు తెల్లసొన, గుడ్డ, పైన వెదురు బద్దలు. మా నాన్న బస్సులో దారంతా తిడుతూనే ఉన్నాడు.

(తెల్లసొన ఎందుకన్న దానిపై నాలుగు నిమిషాలు నడిచింది. వదిలేశాం.)

సంచాలకుడు: ఫోనులో ఆ బ్యానర్ మాటలు రాసిచ్చిన విద్యార్థిని ఉంది. చెప్పు తల్లీ.

విద్యార్థిని: నమస్కారం సార్. నేను “ఆల్జీబ్రా అనే పేరుకు పుట్టిల్లు బాగ్దాద్” అని రాసిచ్చాను. బ్యానర్ రాసే అన్న చోటు చాలక “అనే పేరుకు” తీసేశారు.

సంచాలకుడు: చాలా బాగా చెప్పావు. అంటే అసలు విద్య మనదేనని నువ్వూ ఒప్పుకుంటున్నావు.

విద్యార్థిని: లేదు సార్, నేను పేరు గురించే... (లైను తెగింది)

(గొడవంతా అక్కడే తేలిపోవలసింది. ఎవరూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.)

మాస్టారు: నేనొక బొమ్మ గీస్తాను. అల్ ఖ్వారిజ్మీ లెక్కే. ఒక సంఖ్య వర్గం, ఆ సంఖ్యకు పది రెట్లు, రెండూ కలిపితే 39. ఇదిగో చతురస్రం. రెండు పక్కలా అయిదేసి వెడల్పున పట్టీలు అతికించాను. ఈ మూల ఖాళీగా ఉంది చూశారా? అది అయిదు అయిదులు 25. 39కి 25 కలిపితే 64, భుజం 8. అందులో 5 పోతే 3. ఒక్క గుర్తు లేకుండా మాటల్లోనే చేశాడు మహానుభావుడు.

సంస్కృత అధ్యాపకుడు: ఇంకో జవాబు ఏది? -13 కూడా సరిపోతుంది కదా!

మాస్టారు: సరిపోతుంది. ఆయన ఋణసంఖ్యల్ని జవాబులుగా తీసుకోలేదు.

సంస్కృత అధ్యాపకుడు: (బల్ల చరిచి) చూశారా! సగం జవాబు వదిలేశాడు!

చరిత్ర అధ్యాపకురాలు: ఆయన రాసింది వారసత్వ పంపకాలకు, వ్యాపారానికి, కాలువ పనులకు. వాటా -13 అని తేలితే ఎవరు తీసుకుంటారండీ?

సంస్కృత అధ్యాపకుడు: అప్పు కూడా వాటానే అమ్మా! మన తాతలు అప్పులు పంచలేదా?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. వర్గ సమీకరణాలకు సూత్రం చెప్పిన గణితవేత్త ‘శ్రీధరాచార్యుడు’ పేరు మూడుసార్లు వినిపించింది.)

సంచాలకుడు: రెండో భాగానికి రెండు నిమిషాలే ఉంది. సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగారు ఇంతవరకూ మాట్లాడనే లేదు. బీజగణితం ఇప్పుడెందుకు?

సాఫ్ట్‌వేర్ ఇంజినీరు: వస్తూ గోవిందరాజస్వామి గుడి దగ్గర మూర మల్లెలు కొన్నాను. క్యూఆర్ కోడు అట్ట మీద ఒక మూలంతా కుంకుమ. అయినా ఫోను చదివేసింది. చెరిగిన గళ్లలో ఏముందో మిగిలిన గళ్ల నుంచి రాబట్టుకుంటుంది. దాని వెనక ఉన్నది బహుపదులే. 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు చెప్పిన పద్ధతి. గట్టి రకం కోడయితే సుమారు 30 శాతం పోయినా...

సంచాలకుడు: ఇదీ మన బ్రహ్మగుప్తుడి నుంచే వెళ్లిందా స్వామీ?

ఇంజినీరు: నాది ఇంకా పూర్తి...

సంస్కృత అధ్యాపకుడు: అన్నిటికీ బీజం అదే!

చరిత్ర అధ్యాపకురాలు: మన అంటున్నారు, మరి మహావీరాచార్యుడి గణితాన్ని 11వ శతాబ్దంలో తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లన పేరు ఇంతసేపట్లో ఒక్కరూ...

సంచాలకుడు: సమయం మించిపోయింది మేడమ్. ముగింపుగా స్వామీ, ఒక్క నిమిషం.

సంస్కృత అధ్యాపకుడు: ఒక్కటే చెబుతాను. ఒక వర్గాన్ని 92తో గుణించి 1 కలిపితే మళ్లీ వర్గమే రావాలి. ఏడాదిలోగా విప్పినవాడే గణకుడన్నాడు బ్రహ్మగుప్తుడు. జవాబు 120, వచ్చేది 1151 వర్గం. ఇక 92 బదులు 61 తీసుకుంటే, అది భాస్కరాచార్యుడు...

(పేర్లు పడుతున్నాయి. సంగీతం.)

...తొమ్మిది అంకెల సంఖ్య వస్తుంది, మీరు రాసుకోండి...