దుర్యోధనుడికి ఒక భుజకీర్తి తక్కువైంది

హోస్ట్: అన్నా, కళ్ళు ఎర్రగా ఉన్నాయే! రాత్రి నిద్ర లేదా?

అతిథి: ఎక్కడ నిద్ర! చిత్తూరు పక్కన పల్లెలో భారతం ఉత్సవం జరుగుతోంది. మధ్యాహ్నం హరికథ విని ఇంటికొచ్చి, అన్నం తిని మళ్ళీ పోయినా. వీధినాటకం తెల్లారేదాకా ఆడతారు.

హోస్ట్: ధర్మరాజుల గుడి ముందర, జనం మధ్యలో కూర్చుని బొమ్మలు గీశారా? వాళ్ళు ఒక్క క్షణం నిలబడరు కదా!

అతిథి: నిలబడతారు నాయనా, మనం చూడం అంతే. దుర్యోధనుడు గద భుజానేసుకుని గిరగిరా తిరుగుతాడు. పద్యం అందుకునేటప్పుడు మళ్ళీ అదే కాలు ముందుకేసి నిలబడతాడు. నేనొక పేజీలో ఐదారు బొమ్మలు మొదలుపెట్టి వదిలేస్తా. ఆ నిలుపు మళ్ళీ వచ్చినప్పుడు నాలుగు గీతలు, ఇంకోసారి వచ్చినప్పుడు ఇంకో నాలుగు. బాల్‌పెన్నే. రబ్బరు ఇంట్లో పెట్టేసి పోతా, లేకపోతే చెరుపుకుంటూనే తెల్లారిపోతుంది.

హోస్ట్: మరి ముఖాలు?

అతిథి: ముఖం ఆఖర్న. ముందు మెడ చూడు. నెత్తిన కిరీటం, రెండు భుజాల మీదా చెక్క నగలు, అవే భుజకీర్తులు. ఆ బరువుకు మెడ తిరగదు, పక్కకు చూడాలంటే నడుం నుంచి మనిషంతా తిరగాల్సిందే. అది పట్టుకుంటే ముఖం లేకపోయినా రాజే! హార్మోనియం ఆయన మాత్రం నాకు వరం, కదలడు. చెయ్యి సాగకపోతే ఆయన్ని గీసుకుంటా.

హోస్ట్: అర్జున తపస్సు రోజు కూడా పోయినారా?

అతిథి: పోయినా. అర్జునుడు పద్యాలు పాడుతూ తపస్సు మాను, అంటే నిలువుగా పాతిన పొడుగాటి కొయ్య, ఎక్కుతుంటే కింద నుంచి గీసినా. పాదాలు పెద్దవి, తల ఇంతే. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడి చీరలతో కింద సాగిలపడి ఉంటారు చూడు, అటువైపు పుస్తకం తిప్పలేదు. నాకే బాగనిపించలేదు.

హోస్ట్: ఆడేవాళ్ళు మీ బొమ్మలు చూశారా?

అతిథి: పొద్దున్నే దుర్యోధనుడు రంగు కడుక్కుని, టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నాడు. పుస్తకం తీసుకుని చాలాసేపు చూశాడు. "బాగుంది గానీ సార్, ఎడమ భుజకీర్తి ఏదీ? రాత్రంతా మోసినాను" అన్నాడు. అక్కడే కూర్చుని వేసిచ్చినా.